సోహో వేలం గదిలో నాన్న పేరు

1767 నవంబర్ 9, సోమవారం

నాన్న ఈ రోజు మళ్ళీ అడిగాడు, తన పేరు వేలం జాబితాలో ఉంటుందా అని. మా ఆయన్ని అడిగి చెబుతానన్నాను. కిందటి వారమూ అదే చెప్పాను.

ఈయన లండన్ సోహో పేటలో వేలాల కోసం కొత్త గది తీసుకున్నారు. డాన్సు మాస్టరు ఖాళీ చేసిన హాలు. పైన గాజు కప్పు ఉంది, వెలుతురు సూటిగా కిందికి దిగుతుంది. ఇప్పటిదాకా మేము వేలం వేసినవి పోయినవాళ్ళ మంచాలు, పరుపులు, ఉప్పు పట్టించిన పంది తొడలు, ఒకసారి ఒక మాట్లాడే చిలుక, ఒకసారి ఎవరో చేయించుకుని తీసుకెళ్ళని శవపేటిక. ఇక మీదట చిత్రాలు, పింగాణీ, పాలరాతి బొమ్మలు మాత్రమేనట. మంచాలు అమ్మేవాడితో గుమ్మం బయట నిలబడి మాట్లాడతారు, చిత్రాలు అమ్మేవాడికి కుర్చీ వేస్తారు అన్నారు. ఇరవై రెండేళ్ళుగా ఈయన కుర్చీ కోసమే బతుకుతున్నారని నాకు ఇప్పుడు తెలిసింది.

నాన్న దగ్గర సొంత చిత్రం ఒక్కటే మిగిలి ఉంది. హాలండ్‌లోని లైడెన్ నుంచి లండన్ వచ్చిన ఏడాది వేసింది. అమ్మ వంటింటి బల్ల దగ్గర నిలబడి కత్తితో హెర్రింగ్ చేపలు బాగు చేస్తూ ఉంటుంది. ఆ తర్వాత నాన్న సారాయి దుకాణాలకు బోర్డులు రాశాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు ఇతరుల చిత్రాలకు చిల్లులు పూడ్చాడు, పగుళ్ళు కప్పాడు. ఇప్పుడు రెండు కళ్ళకూ పొర కమ్మింది. గోడ ఏదో కిటికీ ఏదో తెలుస్తుంది, అంతే.

"ఎంతకు పోతుందన్నది కాదు, నెల్. నిండిన గదిలో ఒక్కసారి నా పేరు పిలవాలి. అది నేను వినాలి" అన్నాడు.

నవంబర్ 12

అడగలేదు. ఈయనకి పంటి నొప్పి.

నవంబర్ 14, శనివారం

అడిగాను. యోస్ట్ డె విండ్ అన్న పేరు లండన్‌లో ఒక్క పెద్దమనిషికైనా తెలుసా అన్నారు. తెలియదన్నాను. తెలియని పేరు గోడకు తగిలించడమూ తడి గోనెసంచి తగిలించడమూ ఒకటే అన్నారు.

జాబితా రాసేది నేను. పెళ్ళయిన నాటి నుంచీ నేనే. ఇంట్లో దుప్పట్లు, గిన్నెలు, జాడీలు లెక్క పెట్టి రాసుకునే అలవాటు చూసి ఈయనే ఆ పని నాకు అప్పగించారు. వస్తువును చూడాలి, ఉన్నది ఉన్నట్టు రాయాలి, అంచు పగిలితే పగిలిందని రాయాలి. నా కాగితాలే నేరుగా అచ్చుకు వెళతాయి. మా టిల్యార్డ్ వేలం జాబితాలో అబద్ధం ఉండదని జనం అంటున్నారట. అది విన్న రోజు ఈయన నాకు చేతి తొడుగులు కొనిపెట్టారు.

నాన్న పేరు లేకపోతే ఈసారి జాబితా వేరే ఎవరి చేతనైనా రాయించుకోండి అన్నాను. గొంతు పెంచలేదు. ఈయన సరే, ఒక్కటి, నీ పంతం కోసం అన్నారు. ఎవరూ పాడకపోతే మామూలు ప్రకారం నువ్వే చూసుకోవాలి అని కూడా అన్నారు.

మామూలు అంటే ఇది. వేలం రోజున నేను ఎవరో కొనడానికి వచ్చినట్టు గోధుమరంగు టోపీ పెట్టుకుని నాలుగో వరుసలో కూర్చుంటాను. వస్తువు మరీ చవకగా పోయేట్టుంటే నా చేతిలోని జాబితా ఒకసారి ఎత్తి దించుతాను. పాట నాది అవుతుంది, వస్తువు వెనక దారిన మా ఇంటికే తిరిగి వస్తుంది. దీన్ని మాలో ఇంటి పాట అంటారు. ఊళ్ళో వేలం వేసేవాళ్ళందరూ చేసేదే. ఇందులో తప్పేమీ లేదు.

నాన్నతో చెప్పాను. క్షవరం చేయించుకుంటానన్నాడు. వేలానికి ఇంకా పదమూడు రోజులున్నాయి.

నవంబర్ 27, శుక్రవారం

అయిపోయింది.

ముప్ఫై ఒకటో నంబరు. సామాన్లు ఎత్తి చూపే డాబ్స్ చిత్రాన్ని పట్టుకుని బల్ల మీదికి ఎక్కాడు. నాన్న వెనకాల, పొయ్యి పక్కన కుర్చీలో ఉన్నాడు. మంచి కోటు వేశాను. ఈయన మాట తప్పలేదు, అది రాయాలి. గొంతు సవరించుకుని "యోస్ట్ డె విండ్, లైడెన్ నగరం" అని గది అంతా వినబడేలా పిలిచారు. నేను వెనక్కి తిరగలేదు. టోపీ పెట్టుకున్న మనిషి అలా తిరగకూడదు.

పది బంగారు గినీల దగ్గర మొదలుపెట్టారు. ఎవరూ పలకలేదు. అయిదు అన్నారు. నా ముందు వరుసలో సర్ విలోబీ అనే ఆయన, మా దగ్గర ఎక్కువగా కొనే మనిషి, పక్కాయనతో ఈ డె విండ్ ఎవరని అడిగాడు. "హాలండ్‌లో బాతులు పట్టేవాడు అయి ఉంటాడు" అన్నాడు పక్కాయన. ఇద్దరూ నవ్వారు. రెండు గినీలు అన్నారు ఈయన. అప్పుడు నేను జాబితా ఎత్తాను. ఇంకొకరెవరైనా పాడతారేమోనని మూడు దాకా నేనే ఎత్తాను. ఎవరూ పాడలేదు. ఒకటోసారి, రెండోసారి, సుత్తి పడింది.

బయటికి వచ్చాక ఎవరు కొన్నారని నాన్న అడిగాడు. రిచ్‌మండ్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

నాన్న రెండుసార్లు పుడ్డింగ్ పెట్టించుకున్నాడు.

నవంబర్ 28

చిత్రం దుప్పట్ల బీరువాలో, శీతాకాలపు దుప్పట్ల వెనకాల పెట్టాను. గుడ్డ చుట్టి, నిలువుగా.

డిసెంబర్ 6, ఆదివారం

రిచ్‌మండ్ పెద్దమనిషి గురించి నాన్న రోజూ అడుగుతున్నాడు. ఒక రోజు చెప్పింది మరో రోజు మారకూడదు కాబట్టి ఇప్పటిదాకా చెప్పినవి రాసి పెట్టుకుంటున్నాను. వయసు యాభై దాటింది. లావుపాటి మనిషి, లేత పసుపు కోటు. పై వరుసలో ఒక పన్ను నల్లబడింది, నవ్వితే కనబడుతుంది. భార్య లేదు, ఇద్దరు కూతుళ్ళు. ఇల్లు నది వైపు తిరిగి ఉంటుంది. చిత్రం భోజనాల గదిలో, పొయ్యికి ఎడమ పక్కన, ఎండ తగలని చోట వేలాడుతోంది. ఇవన్నీ నీకెలా తెలుసని నాన్న అడిగితే, చిత్రం అందజేయడానికి వెళ్ళిన డాబ్స్ చూసి చెప్పాడన్నాను. డాబ్స్‌తో కూడా ఆ మాటే చెప్పి ఉంచాను. అతను నా మొహం కాకుండా తన మోకాలు చూసుకుంటూ, అలాగేనమ్మా అన్నాడు.

ముసలాయన సంతోషంగా ఉన్నాడు. నేను చేసిందల్లా అది.

1768 జనవరి 13

నాన్న పొద్దున్న టీ తాగుతూ, ఆ కూతుళ్ళలో చిన్నది అమ్మ చిత్రం ముందు నిలబడి చూస్తుంటుందేమో అన్నాడు. చూస్తుందట, డాబ్స్ చెప్పాడు అన్నాను.

రాసుకున్నాను. చిన్న కూతురు చూస్తుంది.

ఫిబ్రవరి 22, సోమవారం

ఇల్లంతా గందరగోళం. మార్చి వేలం మీద ఈయన ఆశలన్నీ పెట్టుకున్నారు. పోయిన ఒక ప్రభువుగారి చిత్రాలన్నీ మా చేతికి వచ్చాయి. ఊళ్ళో అందరూ వస్తారు. అందులో నలభై ఏడో నంబరు కోసమే సగంమంది వచ్చేది. వాన్ రూమెల్ వేసిన వంటింటి చిత్రం. వాన్ రూమెల్ లైడెన్‌వాడే, చచ్చి ఎనభై ఏళ్ళయింది, ఇప్పుడు ఈ ఊరి పెద్దమనుషులందరికీ ఆయన కావాలి. పత్రికలో కూడా ప్రకటన వేయించారు. ఈ రోజు ప్రభువుగారి విధవరాలు కబురు పంపింది. ఆ ఒక్క చిత్రం అమ్మనంది, తన గదిలో ఉంచుకుంటుందట. కారణం చెప్పలేదు.

ఈయన భోజనం ముట్టలేదు. నలభై ఏడు లేదని తెలిస్తే గదిలో ఖాళీ కుర్చీలే మిగులుతాయి, మళ్ళీ మంచాలు అమ్ముకోవాలి అన్నారు. నాకు జాలి వేసింది. రాయకూడదు కానీ కొంచెం సంతోషం కూడా కలిగింది.

మార్చి 3, గురువారం

ఈయన దుప్పట్ల బీరువా ముందు నిలబడి ఉన్నారు. తలుపు తీసి ఉంది.

నేను వద్దన్నాను. అది రాసి పెడుతున్నాను. మొదట వద్దనే అన్నాను.

"ఎవరికి నష్టం, కోర్నేలియా?" అన్నారు. ఈయన నన్ను పూర్తి పేరుతోనే పిలుస్తారు. "వంటింటి చిత్రం అని ప్రకటించాం, వంటింటి చిత్రమే ఇస్తున్నాం. లైడెన్ చెయ్యి అన్నాం, లైడెన్ చెయ్యే. వాళ్ళకి కావలసింది ఒక పేరు, అది తగిలిస్తున్నాం. మీ నాన్న పేరు తగిలిస్తే ఏమయిందో నువ్వే చూశావుగా. నీ పంతం నేను తీర్చాను, ఇక నా వంతు."

నేను ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టు కాదు.

కానీ చిత్రం కొత్తగా కనబడుతోంది అన్నారు. నాన్న రంగులు అలాంటివి, ముప్ఫై ఆరేళ్ళయినా మాసిపోలేదు. దానికి వందేళ్ళు పట్టించాలి. ఎలాగో మా ఇంట్లో ఇద్దరికి తెలుసు. అతిమధురం వేళ్ళు నీళ్ళలో మరగబెట్టి, అందులో పొగాకు కలిపి, చల్లారాక పలచగా పూయాలి. ఆరాక మళ్ళీ పూయాలి. నా పన్నెండో ఏట నాన్నే నేర్పాడు. చేతులు నావి చిన్నవి కాబట్టి మూలల్లో బాగా పూస్తానని మెచ్చుకునేవాడు.

మార్చి 5, శనివారం

నిన్నా ఈ రోజూ పూశాను. మూడు పొరలు. అమ్మ మొహం మీద కొంచెం తక్కువ పూశాను.

నాన్న మెట్ల మీద చెయ్యి ఆనించుకుంటూ వంటింట్లోకి దిగి వచ్చాడు. గుమ్మంలోనే ఆగాడు. ఎవరికి దగ్గు అన్నాడు. పనిమనిషి హెస్టర్‌కి అన్నాను, కషాయం కాస్తున్నాను అన్నాను. హెస్టర్ అక్కడే ఉంది, అడక్కుండానే దగ్గింది. తెలివైన పిల్ల. నాన్న కాసేపు గాలి పీల్చి, పొగాకు కూడా వేస్తారా దగ్గుకి అన్నాడు. హెస్టర్ వాళ్ళ ఊళ్ళో వేస్తారట అన్నాను.

సరే అని పైకి వెళ్ళిపోయాడు. ఏమీ అనుమానించలేదు.

మార్చి 7

జాబితా రాశాను. నలభై ఏడో నంబరు దగ్గర కలం ఆగలేదు. ఆగుతుందనుకున్నాను. "వాన్ రూమెల్. వంటింట్లో చేపలు బాగు చేస్తున్న స్త్రీ. చక్కటి స్థితిలో ఉంది." మిగతా వాటితో సమానమైన అక్షరాలు, సమానమైన వరుస.

మార్చి 10, గురువారం

అచ్చు అయిన జాబితా వచ్చింది. ప్రతి వేలానికీ నాన్నకు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించడం అలవాటు. కూర్చుని చదివాను. నలభై ఆరు చదివి నలభై ఎనిమిదికి వెళ్ళిపోయాను. నాన్న కళ్ళు మూసుకుని వింటున్నాడు. మొత్తం అయ్యాక, నలభై ఏడు ఏమయింది అన్నాడు. ప్రభువుగారి భార్య ఇవ్వనంది, తీసేశారు అన్నాను. అది నిజమే. ఆవిడ ఇవ్వనంది.

ఈ వేలానికి తానూ వస్తానన్నాడు. బయట చలి, జనం తొక్కిడి, కూర్చోవడానికి చోటు ఉండదు, దగ్గు పట్టుకుంటుంది అన్నాను. దగ్గుకి మందు ఉందిగా ఇంట్లో అన్నాడు.

మార్చి 18, శుక్రవారం

వీధి మొగదల దాకా బగ్గీలు. గదిలో గోడల వెంట కూడా నిలబడ్డారు. ఈయన కొత్త నల్ల కోటులో మంత్రిలా ఉన్నారు. నాలుగో వరుసలో నా చోటు నాకు ఉంది కానీ నేను జాబితా ఎత్తాల్సిన పని ఒక్కసారి కూడా పడలేదు. అన్నీ వాటంతట అవే పోయాయి.

నాన్నని పొయ్యి పక్కనే కూర్చోబెట్టాను. డాబ్స్ మోకాలి వాపు వల్ల ఈసారి బల్ల ఎక్కలేదు, వేరే మనిషిని పెట్టారు. డాబ్స్ నాన్న పక్కన నిలబడి ఉన్నాడు. అది నేను ముందుగా చూసుకోలేదు. అన్నీ చూసుకునేదాన్ని, అది చూసుకోలేదు.

"నలభై ఏడు" అన్నారు ఈయన. "వాన్ రూమెల్." అరవై గినీల దగ్గర మొదలుపెట్టారు. సర్ విలోబీ చెయ్యి ఎత్తాడు. నూట ఇరవై దాకా ముగ్గురు, నూట ఎనభై దాకా ఇద్దరు. బాతులు పట్టేవాడన్న ఆ పక్కాయన లేచి దగ్గరికి వెళ్ళి చూసి వచ్చి, "ఆ చేపల పొలుసులు చూడండి. ఈ కాలంలో పుట్టినవాడెవడైనా అలా వేయగలడా?" అన్నాడు. రెండు వందల పది గినీలకు సర్ విలోబీ పాట నిలబడింది. సుత్తి పడగానే చప్పట్లు కొట్టారు. వేలం గదిలో చప్పట్లు నేనెప్పుడూ వినలేదు. ఈయన తల వంచారు.

ఈసారి నేను వెనక్కి తిరిగాను. నాన్న డాబ్స్ చెయ్యి పట్టుకుని ఏదో అడుగుతున్నాడు. ఏం అడిగాడో తర్వాత డాబ్స్‌ని పక్కకు పిలిచి చెప్పించాను. చిత్రంలో ఆవిడ కత్తి ఏ చేతిలో ఉందని అడిగాడట. ఎడమ చేతిలో అని చెప్పాడట. "నాకు కళ్ళు ఉన్నాయి గదమ్మా. పెద్దాయన అడిగితే చూసింది చెప్పకుండా ఎలా ఉంటాను?" అన్నాడు. అమ్మది ఎడమచేతి వాటం అని డాబ్స్‌కి తెలియదు.

బగ్గీలో నేనూ నాన్నా ఇద్దరమే. ఈయన పెద్దమనుషులతో భోజనానికి వెళ్ళారు. వాళ్ళు కుర్చీ వేసి పిలిచారు.

సగం దారిలో నాన్న, "రిచ్‌మండ్ ఆయనకి ఆ నల్ల పన్ను ఎలా ఉంది? పీకించుకున్నాడా?" అన్నాడు.

నేను బగ్గీ కిటికీ తెర సర్దాను.

"ఆ రోజు నా పేరు పిలిచాక ఎవరైనా పాడారా, నెల్?"

"పాడారు."

"ఎవరు?"

"నేను."

నాన్న తల ఊపాడు. "ఎవరూ పాడలేదని ఆ రోజే చెప్పి ఉండాల్సింది. నలభై ఏళ్ళుగా ఎవరూ పాడనివాణ్ణి, ఇంకొక రోజు మోయలేనా? ఇంటికొచ్చి పుడ్డింగ్ తినేవాణ్ణి. ఒక్కసారే పెట్టించుకునేవాణ్ణి."

మీ కోసమే నాన్నా అన్నాను.

"అతిమధురం కూడా నా కోసమేనా?" అన్నాడు. తర్వాత, "మూలల్లో బాగా పూశావా?" అన్నాడు.

మార్చి 19

ఈయన సంతోషంతో నిద్ర లేచారు. ఊరంతా మా పేరే అంటున్నారట. గుమ్మం మీద బంగారు అక్షరాలతో టిల్యార్డ్ అని రాయిస్తారట. వందేళ్ళ తర్వాత కూడా ఈ వేలం ఇల్లు ఇక్కడే ఉంటుందని, అది నిన్న మొదలయిందని జనం చెప్పుకుంటారని అన్నారు. ఉంటుందేమో. ఎలా మొదలయిందో ఎవరు చెబుతారు.

మార్చి 27, ఆదివారం

నాన్న డచ్ చర్చికి వెళ్ళి వచ్చాడు. నన్ను పిలవలేదు, హెస్టర్ చెయ్యి పట్టుకుని వెళ్ళాడు. వచ్చి, అక్కడి వృద్ధుల ఇంట్లో ఒక గది ఖాళీ అయిందని, తాను వెళతానని చెప్పాడు. మా ఇంట్లో ఏం తక్కువయిందని అడిగాను. ఏమీ తక్కువ కాలేదు, అన్నీ నువ్వు లెక్కగా చేశావు అన్నాడు.

ఈయన పోనీలే అన్నారు. పైగది ఖాళీ అయితే జాబితాలకు బల్ల వేసుకోవచ్చట.

ఏప్రిల్ 4

చొక్కాలు ఆరు. మేజోళ్ళు ఎనిమిది జతలు, రెండు కుట్టినవి. ఉన్ని దుప్పటి ఒకటి. గడ్డం గీసుకునే గిన్నె. కుంచెలు పెట్టమంటారా అని అడిగితే వద్దన్నాడు.

ఏప్రిల్ 8

నాన్న నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఉప్పు అందుకో, కిటికీ వెయ్యి, వాన పడుతోందా. కోపం లేదు. కోపం ఉంటే తగ్గేదాకా ఆగవచ్చు.

రిచ్‌మండ్ సంగతులు రాసిన పేజీ చింపేద్దామనుకున్నాను. చింపితే ఈ పుస్తకంలో వెనక పేజీ కూడా ఊడిపోతుంది. ఉంచాను.

ఏప్రిల్ 11, సోమవారం

నాన్నని డచ్ వృద్ధుల ఇంట్లో దింపి వచ్చాను.

శుభ్రమైన చోటు. ఇటుకల అంగణం, వరుసగా గదులు, ప్రతి గదికీ సొంత పొయ్యి. ముందు గదిలో గుమాస్తా పెద్ద పుస్తకం తెరిచి కూర్చున్నాడు. మా డచ్ భాషలోనే మాట్లాడాడు, నేను మరిచిపోయిన యాసలో. పేరు అడిగాడు. నేను చెప్పబోతుంటే నాన్న చెయ్యి అడ్డం పెట్టి, "యోస్ట్ డె విండ్, లైడెన్ నగరం" అని తనే చెప్పాడు. చిన్న గది, ఎవరూ లేరు. గుమాస్తా తల ఎత్తకుండా రాసుకున్నాడు. వృత్తి అడిగాడు. చిత్రకారుడు అన్నాడు నాన్న. అదీ రాసుకున్నాడు.

పిల్లలు ఉన్నారా అని అడిగాడు. నేను నాన్న మొహం చూశాను. నాన్న కిటికీ వైపు, వెలుతురు వచ్చే వైపు తిరిగి ఉన్నాడు.

"లేరు" అన్నాడు.

గుమాస్తా అప్పుడు నా వైపు చూసి, మరి ఈవిడ ఎవరు అన్నాడు.

"టిల్యార్డ్ వేలం ఇల్లు వాళ్ళావిడ. దయగల మనిషి, బండిలో తీసుకొచ్చింది" అన్నాడు నాన్న. వెటకారం లేదు. పరాయివాళ్ళ గురించి చెప్పేటప్పుడు మర్యాదగా ఎలా చెబుతారో అలా చెప్పాడు.

గుమాస్తా నా వైపు మర్యాదగా తల వంచి, మా వేలం గురించి తానూ విన్నానని, మా జాబితాల మీద అందరికీ ఎంతో నమ్మకమని అన్నాడు. పుస్తకం నా వైపు తిప్పి కలం ఇచ్చాడు. తీసుకొచ్చినవారు అన్న చోట నా సంతకం పెట్టాలి. దాని పక్కన బంధుత్వం అని ఒక గడి ఉంది. అతను అప్పటికే అందులో అడ్డంగా ఒక గీత గీశాడు.

ఉన్నది ఉన్నట్టు రాయడం నా పని. సంతకం పెట్టాను. గీత జోలికి పోలేదు.